పదిహేడో నంబరు బిళ్ళ

జ్యోతిలక్ష్మి టీసీ ఆగస్టులోనే రాసిపెట్టి ఉంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, తొమ్మిదో తరగతి బి సెక్షను, నడవడి బాగాలేదన్న మాట, అన్నీ హెడ్మాస్టరు ఉరకుడే సర్ గుండ్రని మరాఠీ అక్షరాల్లో ఉన్నాయి. బడి విడిచిన తేదీ ఒక్కటే ఖాళీ. ఆయన ఆ కాగితం నాకు చూపించి, మళ్ళీ సొరుగులో పెట్టి తాళం వేశారు. ఇంకొక్క కొట్లాట జరిగితే తేదీ వేయడమే మిగిలిందని, ఆలోపు నేనేమైనా చేయగలిగితే చేయమని అన్నారు.

నేను ఆ బడిలో టీచర్ని కాను. మా ఆయన రవీంద్ర మహారాష్ట్రలో, చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ పవర్ స్టేషన్లో ఇంజనీరు. మా అమ్మాయి కావేరి ఆ తొమ్మిదో తరగతి బి లోనే చదివేది. ఆ ఏడు, అంటే తొంభై ఆరు జూలైలో, ఒక పిల్లవాడు ఇంకొకడి మోచేతిలో కంపాస్ ముల్లు దించాడు. మర్నాడు ఇద్దరి తండ్రుల తరఫు మనుషులూ కర్రలు పట్టుకుని బడి గేటు దగ్గరికి వచ్చారు. దాంతో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి బడిలోనూ వారానికొక పీరియడు పిల్లల కోపతాపాల గురించి, తగవులు మాటలతో తీర్చుకోవడం గురించి నేర్పాలని. దానికి నాగపూర్‌లో రెండు రోజుల శిక్షణ పెట్టారు. పోర్షన్లు మిగిలిపోతాయని టీచర్లెవరూ కదల్లేదు. నేను హన్మకొండలో సైకాలజీతో బీఏ చేశానని ఎవరి ద్వారానో విని ఉరకుడే సర్ మా ఇంటికి వచ్చారు. పద్నాలుగేళ్ళుగా ట్రంకుపెట్టెలో ఉన్న డిగ్రీ ఎవరికో గుర్తొచ్చినందుకు నాకు సంతోషం వేసింది. ఒప్పుకున్నాను.

నాగపూర్‌లో వాళ్ళు చెప్పినవి నోట్సు రాసుకున్నాను. పక్షం వహించవద్దు. నిలదీయవద్దు. చెప్పడానికి పిల్లలకు టైము ఇవ్వండి. మాట ఇస్తే తప్పవద్దు. అన్నీ నాకు తెలిసినవేననిపించింది.

జ్యోతిలక్ష్మి బొగ్గు గని పిల్ల. తండ్రి గట్టయ్య గనిలో పట్టాల మీద నడిచే టబ్బుల్లో బొగ్గు నింపేవాడు. తల్లి ఆగమ్మ బొగ్గు రైళ్ళు ఆగే సైడింగు పక్కన రాలిన బొగ్గు ఏరి, తట్టలో పెట్టుకుని కార్మికుల ఇళ్ళ లైన్లలో అమ్మేది. వాళ్ళది బెల్లంపల్లి వైపు. జూలైలో ఈ పిల్ల ఒక అమ్మాయి మణికట్టు కొరికింది. ఆగస్టులో ఒక అబ్బాయి కళ్ళద్దాలు లాగి నేలకేసి కొట్టింది. ఎందుకు చేశావంటే నోరు విప్పలేదు. రెండుసార్లూ అంతే.

టీసీ సంగతి తెలిసి గట్టయ్య ఒక ఆదివారం భార్యనూ కూతుర్నీ వెంటబెట్టుకుని మా క్వార్టర్‌కు వచ్చాడు. దుర్గాపూర్‌లో కుర్చీ తుడవకుండా ఎవరూ కూర్చోరు. ఒక పక్క పవర్ స్టేషన్ పొగగొట్టాలు, ఇంకో పక్క బొగ్గు గనులు. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. అందుకని ఎవరు వచ్చినా గుడ్డ తెచ్చి కుర్చీ తుడిచి కూర్చోమనడం ఇక్కడి మర్యాద. నేను కేన్ కుర్చీలు తుడిచాను. గట్టయ్య కూర్చోలేదు. ఆగమ్మ అంచు మీద కూర్చుంది. జ్యోతిలక్ష్మి గోడకు ఆనుకుని, ముందుగదిలో హోంవర్క్ చేసుకుంటున్న కావేరి వైపు కాకుండా వేరే వైపు చూస్తూ నిలబడింది.

“పది పాసైతే చాలమ్మా,” అన్నాడు గట్టయ్య. “ల్యాంపు క్యాబిన్ల ఆడివిల్లలకు కొలువులిస్తరంటున్నరు. దీపాలిచ్చుడు, తీసుకునుడు. ముప్పై ఏండ్ల సంది నేను కిందనే ఉన్న. ఇదన్న పైన ఉండాలె.”

ఈ బడి పోతే ఇంకో బడి లేదన్నాడు. చంద్రపూర్‌లో చేర్పిస్తే రోజూ ఆటో ఖర్చు తన వల్ల కాదు. విరూర్ దగ్గర చెల్లెలి ఇంటికి పంపాలి. పంపితే చదువు లేనట్టే.

నేను చూసుకుంటానని చెప్పాను. ఆ మాటే అన్నాను. వాళ్ళు వెళ్ళాక అదే గుడ్డతో కుర్చీని ఇంకోసారి తుడిచాను. తెల్ల కేన్‌కు బొగ్గు మరక పడితే పోదు.

అన్నం తినేటప్పుడు ఈ కబురు చెబితే రవీంద్ర నవ్వారు. గనుల్లో కొలువులు ఆగిపోయి రెండేళ్ళయిందనీ, ఉన్నవాళ్ళనే ఇంత ముట్టజెప్పి ఇంటికి పంపిస్తున్నారనీ, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఇప్పుడు యంత్రాలదే రాజ్యమనీ చెప్పారు. ఆ విషయం నేను గట్టయ్యకు చెప్పలేదు. ముందు పది పాస్ కానీ, తర్వాత సంగతి తర్వాత అనుకున్నాను.

మొదటి మూడు శనివారాలూ వృథా అయ్యాయి. నాగపూర్‌లో ఇచ్చిన నవ్వు ముఖాలూ ఏడుపు ముఖాలూ గోడకు అంటిస్తే మగపిల్లలు వాటికి మీసాలు దిద్దారు. కోపం వచ్చినప్పుడు పది లెక్కపెట్టమంటే, ఒకడు పది లెక్కపెట్టి మరీ పక్కవాడి వీపు మీద గుద్దాడు. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. నాలుగో శనివారం చార్టులన్నీ పక్కన పెట్టి, బెంచీలు గోడలకు జరిపి, వాళ్ళను గుండ్రంగా కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగాను. ఇంట్లో ఎవరికైనా కష్టం వచ్చిందని వాళ్ళు చెప్పకుండా మీకెలా తెలుస్తుంది?

వాళ్ళ నాన్న అన్నం తినడని ఒకడన్నాడు. వాళ్ళ అమ్మ గిన్నెలు విసురుతుందని ఒకమ్మాయి చెప్పింది. అప్పుడు జ్యోతిలక్ష్మి చేయెత్తింది. తను చేయెత్తడం అదే మొదటిసారి.

“బాపుది బిళ్ళ చూస్తే తెలుస్తది మేడం.”

ఏం బిళ్ళ అని అడిగాను. సగం తెలుగూ సగం హిందీ కలిపి చెప్పింది. గనిలోకి దిగే ముందు ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ల్యాంపు క్యాబిన్లో ఇచ్చి టోపీ దీపం తీసుకుంటాడు. ఆ బిళ్ళను ఒక కొక్కేనికి తగిలిస్తారు. పైకొచ్చి దీపం అప్పగించాక బిళ్ళ వెనక్కి తీసుకుంటాడు.

“బిళ్ళ కొక్కేనికి ఉన్నదంటే మనిషి కిందనే ఉన్నట్టు,” అంది. “షిఫ్టు అయిపోయినా సరే, మనిషి అచ్చి బిళ్ళ తీసుకునేదాంక క్యాబిన్ బాబు ఇంటికి పోవద్దు.”

“వేరేవాళ్ళు తీస్తే?” అన్నాను.

ఇంతమాత్రం తెలియదా అన్నట్టు చూసింది. “తియ్యరు మేడం. తీస్తే, కింద మనిషి ఉన్నట్టు ఎవలకు తెలుస్తది?”

క్లాసులో సగం మంది గని పిల్లలే. అందరూ తలలూపారు. మరాఠీ పిల్లలు, ఛత్తీస్‌గఢ్ పిల్లలు, మా తెలుగు పిల్లలు, అందరి ఇళ్ళలోనూ ఆ బిళ్ళ ఉంది. నాగపూర్ కాగితాల్లో లేనిది అక్కడ నాకు దొరికింది.

మరుసటి వారానికి బోర్డు తయారైంది. ప్యాకింగు పెట్టె చెక్క మీద నలభై ఒక్క మేకులు కొట్టించి, గేటుకు వేయగా మిగిలిన ఎర్రరంగు వాటి తలలకు పూయించాను. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి బిళ్ళలు చేశాం. వాటి మీద నంబర్లు వేసింది జ్యోతిలక్ష్మే. దానిది పదిహేడు. కావేరిది ఇరవై రెండు. బిళ్ళ ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఎవరి మీదైనా కోపం వచ్చి అది లోపలే ఉండిపోతే తెచ్చి మేకుకు తగిలించాలి. ఎవరి మీదో, ఎందుకో చెప్పనక్కర్లేదు. శనివారం నేను వాళ్ళతో విడిగా కూర్చుంటాను. కోపం తీరాక ఎవరి బిళ్ళ వాళ్ళే తీసుకోవాలి. మేకు మీద బిళ్ళ ఉన్నంతసేపు నేను ఇంటికి పోను. ఈ ఆఖరి మాట నేనే అన్నాను.

అది పనిచేసింది. ఇప్పుడు తలచుకుంటే కష్టంగా ఉంది కానీ నిజంగానే పనిచేసింది. ఒక శనివారం క్రికెట్ బ్యాటు కోసం విరోధులైన ఇద్దరు పిల్లలు ఒకటిన్నర దాకా మొండిగా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయని మొదట ఒప్పుకున్నవాడు ఓడిపోయినట్టని వాళ్ళలో వాళ్ళే పందెం వేసుకుని, చివరికి ఇద్దరూ ఒక్కసారే ఒప్పుకుని బిళ్ళలు తీసుకున్నారు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా బడిలో చెప్పుకోదగ్గ కొట్లాట లేదు. జ్యోతిలక్ష్మి మూడుసార్లు బిళ్ళ తగిలించింది. ఒకసారి లెక్కల సర్ మీద, ఒకసారి వాళ్ళమ్మ మీద. మూడోసారి ఎవరి మీదో చెప్పలేదు. నా పక్కన గంటసేపు ఊరికే కూర్చుని, గోళ్ళలో నలుపు తీసుకుంటూ, “నేను గూడ ఇట్లనే కూసుంట మేడం, క్యాబిన్ల,” అంది. తర్వాత లేచి బిళ్ళ తనే తీసుకుని ఇంటికి వెళ్ళింది.

కావేరి ఒక్కసారి కూడా తగిలించలేదు. దానికి ఎవరి మీదా కోపం లేదని నాకు గర్వంగా ఉండేది.

నవంబరులో ఒక శనివారం నేను కొంచెం ముందు వెళ్ళాను. జ్యోతిలక్ష్మి బెంచీ మీదినుంచి లేచి నీళ్ళకు వెళ్ళింది. కావేరి తన చేతిరుమాలుతో ఆ బెంచీ తుడుస్తోంది. వెనక ఇద్దరమ్మాయిలు నవ్వుతున్నారు. ఇంట్లో నేర్పిన శుభ్రత బడిలో కూడా పాటిస్తోందని సంతోషించాను. మన ఊళ్ళో కూర్చునే ముందు తుడుస్తాం. కావేరి ఆ పిల్ల లేచాక తుడుస్తోంది. ఆ తేడా నాకు కనిపించలేదు.

జనవరి మూడో శనివారం బడికి పెద్దవాళ్ళు వస్తున్నారని ఉరకుడే సర్ కబురు పెట్టారు. చంద్రపూర్ నుంచి విద్యాధికారి, గని నుంచి ఒక వెల్ఫేర్ ఆఫీసరు, మా కాలనీ లేడీస్ క్లబ్ అధ్యక్షురాలు. ఆవిడ రవీంద్రకు పై అధికారి భార్య. ఈ బోర్డు గురించి విని చూడాలనుకున్నారట. బాగుంటే జిల్లాలో మిగతా బళ్ళలో కూడా పెడతారట. నేను గంజి పెట్టిన కాటన్ చీర కట్టుకుని వెళ్ళాను.

పదింటికి నేను వెళ్ళేసరికి బోర్డు మీద ఒక్క బిళ్ళ ఉంది. పదిహేడు. గురువారం నుంచీ ఉందని పిల్లలు చెప్పారు. జ్యోతిలక్ష్మిని వరండాలోకి పిలిచి ఏమైందని అడిగాను.

“ఇప్పుడు కాదు మేడం. మీ ఒక్కరికే చెప్త.”

అలా అని తలుపులోంచి క్లాసులోకి చూసింది. నేను దాని చూపు ఎటు పోయిందో చూడలేదు. గేటు దగ్గర జీపు వచ్చిందా లేదా అని చూస్తున్నాను. వాళ్ళు వెళ్ళాక కూర్చుందాం అన్నాను. తప్పక కూర్చుంటానని చెయ్యి మీద చెయ్యి వేశాను.

ఉరకుడే సర్ క్లాసులోకి వచ్చి బోర్డు చూశారు. చెడ్డమనిషి కాదు ఆయన. ఒక్కటే కదా మేడం, తీసేయండి, ఖాళీ బోర్డు చూస్తే వాళ్ళకు ఫలితం తెలుస్తుంది, బిళ్ళ ఉంటే వెయ్యి ప్రశ్నలు వేస్తారు అన్నారు. ఆ పిల్ల ఫైలు కూడా వెల్ఫేర్ ఆఫీసరు అడగొచ్చు, ఈ రోజు దాని పేరు రాకపోవడమే దానికి మంచిది అని కూడా అన్నారు. ఆ మాట నాకు న్యాయంగా తోచింది. తోచిందా, తోచినట్టు చేసుకున్నానా అన్నది తర్వాత చాలాసార్లు ఆలోచించాను. బిళ్ళ తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను. వెనక్కి తిరిగితే జ్యోతిలక్ష్మి గుమ్మంలో నిలబడి ఉంది. దాని మొహంలో కోపం లేదు. అది క్లాసులోకి వెళ్ళి తన చోట కూర్చుంది.

అధికారులు వచ్చారు. ఖాళీ బోర్డు ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీశారు. లేడీస్ క్లబ్ ఆవిడ నా చీర ఎక్కడ కొన్నానో అడిగింది. సమోసాలు, చాయ్, ఉపన్యాసాలు. శనివారం ఒంటిపూట కనుక పన్నెండింటికి గంట కొట్టారు. అధికారులను జీపు దాకా సాగనంపి వచ్చేసరికి క్లాసు ఖాళీ అయింది. జ్యోతిలక్ష్మి ఆగలేదు. సాయంత్రం వంటింటి అరలు తుడుస్తుంటే దానికిచ్చిన మాట గుర్తొచ్చింది. గని లైన్లు మా కాలనీకి రెండు కిలోమీటర్లు. రవీంద్ర ఇంట్లోనే ఉన్నారు, స్కూటర్ ఉంది. సోమవారం పొద్దున్నే వెళ్ళి మాట్లాడతాననుకున్నాను. సోమవారం పొద్దున మంచినీళ్ళ పంపు చెడిపోయి ప్లంబరు వచ్చాడు.

ఒంటిగంటకు బడి ప్యూను సైకిల్ మీద వచ్చాడు.

జ్యోతిలక్ష్మి స్టీలు టిఫిన్ డబ్బాతో కావేరి మొహం మీద కొట్టింది. ఎడమ కనుబొమ్మ పైన ఆరు కుట్లు పడ్డాయి. వేలెడు కిందికి దిగి ఉంటే కన్ను పోయేదని డాక్టరు రవీంద్రతో చెప్పడం నేను విన్నాను. నా చీరంతా రక్తమైంది. ఆ సమయంలో నేను ఆ పిల్లను తిట్టుకున్నాను. అది కూడా చెప్పాలి కనుక చెబుతున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కావేరి మంచం పక్కన కూర్చుని ఏం జరిగిందని అడిగాను. మొదట ఏమీ లేదంది. కేబుల్ టీవీ పెట్టమంది. నేను పెట్టలేదు.

“బిళ్ళ చూపించిన,” అంది.

“ఎవరి బిళ్ళ?”

“జ్యోతిది. నీ బ్యాగ్‌ల ఉండె. సేఫ్టీపిన్ కోసం చూస్తే దొరికింది.”

“చూపించి ఏమన్నవ్?”

హిందీలో అన్నదట. అందరూ వినేలా అన్నదట. నాకు మాత్రం తెలుగులో, గోడవైపు తిరిగి చెప్పింది. “నీ బిళ్ళ మా ఇంట్ల ఉండె, మా మమ్మీనే తీసేసింది, ఇగ నువ్వు కిందనే ఉండు అన్న.”

తర్వాత మిగిలినవి ఒక్కొక్కటే వచ్చాయి. జూన్‌లో క్లాసులు మొదలైన రోజు జ్యోతిలక్ష్మి వచ్చి తెలుగులో పలకరించిందట. నాతో తెలుగులో మాట్లాడొద్దని కావేరి మరాఠీలో చెప్పిందట. అప్పటినుంచీ ఆ పిల్ల లేచిన ప్రతిసారీ బెంచీ తుడవడం ఒక ఆట. ఒకరోజు ఒకరి వంతు. జ్యోతిలక్ష్మి కొరికిన అమ్మాయిదీ, కళ్ళద్దాలు పగిలిన అబ్బాయిదీ ఆయా రోజుల్లో వంతు. గురువారం తడి డస్టరుతో తుడిచి, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెళ్ళి కిటికీలోంచి పారేసింది కావేరి.

ఎందుకు చేశావని అడిగాను. నాగపూర్‌లో నిలదీయవద్దన్నారు. నేను నిలదీశాను.

“అందరు తుడుస్తరు మమ్మీ. నేను తుడవకుంటే నన్ను గూడ దాని లెక్కనే అంటరు. ఇద్దరం తెలుగోళ్ళమే కదా.” ఏడుపు గొంతుతో మళ్ళీ అంది. “వాళ్ళమ్మ అచ్చిపోయినంక నువ్వు గూడ కుర్చీ తుడిచినవ్. నేను చూసిన.”

కేన్ కుర్చీ మరక గురించి చెప్పబోయి మానుకున్నాను.

బుధవారం ఉరకుడే సర్ గదిలో రవీంద్రా నేనూ గట్టయ్య వాళ్ళను కలిశాం. గట్టయ్య మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి, తడి తలతో వచ్చాడు. ఆగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. జ్యోతిలక్ష్మి తండ్రి వెనక ఉంది. ఉరకుడే సర్ సొరుగు తాళం తీసి ఆ కాగితం బల్ల మీద పెట్టారు.

నేను మాట్లాడాను. బెంచీ గురించి, గురువారం గురించి, నా కూతురు అన్న మాట గురించి, శనివారం నేను బిళ్ళ తీసినదాని గురించి, అంతా ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. రవీంద్ర నావైపు చూడలేదు. ఉరకుడే సర్ ఓపిగ్గా విన్నారు. విని, ఒక అట్టముక్క గురించి మీరింత బాధపడొద్దు మేడం అన్నారు. పిల్లలు పిల్లల్ని వెక్కిరించడం ఎక్కడైనా ఉంటుందనీ, రక్తం చూడటం వేరనీ, రేపు మిగతా తల్లిదండ్రులు గేటు దగ్గరికి వస్తే ఏం చెప్పాలనీ అడిగారు. చివరికి ఒక దారి చూపించారు. దెబ్బ తిన్న అమ్మాయి తల్లిదండ్రులు, మాకు ఫిర్యాదు లేదు, ఆ పిల్లను బడిలో ఉంచితే అభ్యంతరం లేదు అని రాసిస్తే తను పైవాళ్ళకు చెప్పుకోగలుగుతానన్నారు. తెల్లకాగితం, పెన్ను నా ముందుకు జరిపారు.

“కన్ను పోయి ఉంటే ఎవరు రాసిచ్చేవాళ్ళు స్వరూపా?” అన్నారు రవీంద్ర, నెమ్మదిగా, తెలుగులో.

పెన్ను నా చేతిలోనే ఉంది. రెండు వాక్యాలు రాయాలి. ఒకటి రాశాను కూడా. కావేరి కనుబొమ్మ మీది కుట్లు గుర్తొచ్చాయి. మళ్ళీ అదే క్లాసులో ఆ ఇద్దరూ కూర్చోవడం కళ్ళ ముందు కనిపించింది. కాలనీలో రేపు ఏమనుకుంటారో కూడా గుర్తొచ్చింది. రవీంద్ర సంతకం లేకుండా నా ఒక్కదాని సంతకం చెల్లదని ఆ గదిలో ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను. పెన్ను కాగితం మీద పెట్టి చేతులు ఒళ్ళోకి తీసుకున్నాను.

ఉరకుడే సర్ ఇంకాస్త ఆగి చూశారు. తర్వాత ఆ పెన్నే తీసుకుని టీసీ మీద తేదీ వేశారు.

గట్టయ్యకు హిందీ బాగానే వచ్చు. అంతా అర్థమైంది. కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాక నన్ను అడిగాడు.

“బిళ్ళ మీరే తీసిన్రా అమ్మా?”

“నేనే తీసిన గట్టయ్యన్నా.”

“సాబులు అచ్చిన్రని తీసిన్రు.” అడగడం కాదు. తనకు తాను చెప్పుకున్నట్టు అన్నాడు. “మాకాడ గూడ గంతే. సాబులు అచ్చిననాడు అన్ని మంచిగ కనవడాలె.”

గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. అతను కూతురి వైపు తిరిగి చేయి చాపాడు. “కొలువు ఇడిచినోడు బిళ్ళ అప్పజెప్పి పోవాలె బిడ్డా. ఇయ్యి.”

జ్యోతిలక్ష్మి కంపాస్ బాక్సు తెరిచింది. ఆ సోమవారం కింద పడ్డ బిళ్ళను అది ఏరి దాచుకుందన్నమాట. ఒక మూల వంగిపోయి ఉంది. వెనకవైపు ఎవరి పెళ్ళిదో శుభలేఖ బంగారు గీతలున్నాయి. బల్ల మీద పెట్టలేదు. నా దగ్గరికి వచ్చి నా చేతిలో పెట్టింది.

ఏదైనా అంటుందని చూశాను. ఆ శనివారం నా ఒక్కదానికే చెప్తానన్న మాట ఇప్పుడైనా చెబుతుందేమోనని చూశాను. అది గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు వేసుకుని తల్లి వెనక వెళ్ళిపోయింది.

మార్చిలో ఆగమ్మ దుర్గాపూర్ బజారులో కనిపించింది. జ్యోతి ఎట్లుందని అడిగాను. విరూర్ దగ్గర మేనత్త ఇంట్లో ఉందట. మిరపకాయ ఏరనీకి పోతుందట. ఘాటుకు చేతులు మండి రాత్రుళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటుందట. అక్కడ బడి ఉంది కదా అన్నాను.

“ఏ బడమ్మా,” అంది ఆగమ్మ. బొగ్గు తట్ట దించకుండానే మాట్లాడింది. తర్వాత నా చీర కుచ్చిళ్ళకు తట్ట తగలకుండా పక్కకు తప్పుకుని పోయింది.

రవీంద్ర ఆ జూన్‌లో కావేరిని చంద్రపూర్‌లో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మీడియం బడిలో వేస్తానని ఫారం తెచ్చారు. అక్కడ కంప్యూటర్లున్నాయట, బస్సు కాలనీ దాకా వస్తుందట. నేను వద్దనలేదు. కావేరి కుట్లు మానాయి. కనుబొమ్మలో ఒక సన్నటి గీత మిగిలింది. దాన్ని కాటుక పెన్సిల్‌తో దిద్దుకోవడం నేర్చుకుంది. ఇంట్లో కుర్చీ తుడవాల్సి వస్తే ఇప్పుడు అదీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా తుడుస్తాం.

పరీక్షల దాకా శనివారం పీరియడు నేనే తీసుకున్నాను. మానేస్తానంటే ఉరకుడే సర్ ఒప్పుకోలేదు. జిల్లా నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. దాంతో పాటు ఆ రోజు తీసిన ఫోటో కూడా వచ్చింది. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి తన గదిలో పెట్టారు. అందులో నేను నవ్వుతున్నాను, వెనక బోర్డు ఖాళీగా ఉంది.

జ్యోతిలక్ష్మి వెళ్ళిన తర్వాతి శనివారం నేను పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, మేకుల వైపు చూపించి, ఎవరికైనా ఏమైనా ఉందా అని అడిగాను. నలభై మందీ నన్ను చూశారు. ఒక్కరూ లేవలేదు. క్రికెట్ బ్యాటు పిల్లల్లో ఒకడి పెదవి చిట్లి ఉంది. ఏమైందంటే పంపు దగ్గర జారి పడ్డానన్నాడు. పక్కవాడు అవునన్నాడు. ఆ తర్వాతి వారమూ అంతే. ఏప్రిల్ దాకా అంతే. ఒక్క బిళ్ళ కూడా మేకెక్కలేదు. మేకుల తలల మీద బూడిద పేరుకుంది.

కొక్కేలన్నీ ఖాళీగా ఉన్నాయంటే గనిలో అందరూ పైకొచ్చేసినట్టు లెక్క. క్యాబిన్ బాబు తాళం వేసుకుని ఇంటికి పోవచ్చు. పన్నెండింటికి గంట కొట్టగానే నేనూ ఇంటికి వచ్చేదాన్ని.